మాసేనమ్మ అల్లిన మెడతాడు

కూర్మాచార్యులుగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒకసారి ఆయన శిష్యురాలు సుగుణ ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. మెడలో నర్సు గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

"గురువుగారూ, మా అమ్మాయి ఓడల ఉద్యోగానికి చదువుతానంటోంది. నాకున్నది అదొక్కతే. వద్దన్నాను. నాతో మాట్లాడటం మానేసింది. పిల్లను గట్టిగా పట్టుకోవడం తప్పంటారా?"

ఆయన కాసేపు ఆ కార్డు తాడుకేసి చూశారు.

"దీన్ని లాన్యార్డ్ అంటారు కదమ్మా. మొదట ఇది ఓడల మీది తాడేనట. నావికుడికి రెండు చేతులా పని. కత్తి గానీ ఈల గానీ నీళ్లలో పడిపోకుండా మెడకు తగిలించుకునేవాడు" అని, భీమిలిలో తానెరిగిన మాసేనమ్మ సంగతి చెప్పారు.

మాసేనమ్మ భర్త నూకరాజు మరబోటు మీద వల లాగేవాడు. వేటకు వెళ్లినప్పుడల్లా కత్తి సముద్రంలో పోగొట్టుకుని వస్తున్నాడని, ఆమె నైలాను దారాలతో తాడు అల్లి, కత్తి కట్టి అతని మెడలో వేసింది. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు వల చుట్టే యంత్రం తిరుగుతుండగా అతను వంగాడు. మెడలోని తాడు వలతాడుతో పాటు చుట్టుకుపోయింది. పక్కవాళ్లు కేక వేసి యంత్రం ఆపేలోపే అతని ముఖం ఇనప చక్రం దాకా వెళ్లింది. అంతలో తాడు పుటుక్కున తెగింది. కత్తి ఎగిరి నీళ్లలో పడింది.

ఒడ్డు చేరేసరికి అతనికి కోపం వచ్చింది. ఇంటికి రాగానే అరిచాడు.

"ఏటే ఈ తాడు? ఒక్క గుంజుకే తెగిపోనాది!"

మాసేనమ్మ అతని మెడ మీది ఎర్రటి చార చూసింది. అక్కడే నేల మీద కూర్చుంది.

"తెగాలనే కట్టినాను మావా. మెడ ఎనకాల నూలుపోగుతో అతుకెట్టినాను. అది కత్తి బరువుకి ఆగుతాది. నీ బరువుకి ఆగదు."

"ముందే సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వే నైలానుతో ముడేసీవోడివి."

నూకరాజు మెడ వెనక తడుముకున్నాడు. ఆమె పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

 అంతా విని సుగుణ నెమ్మదిగా అడిగింది. "ఆవిడ మళ్లీ అల్లిందా?"

"ఆ సాయంత్రమే. మునుపటికన్నా గట్టిగా అల్లింది. అతుకు మాత్రం మళ్లీ నూలుపోగుతోనే పెట్టింది" అన్నారు ఆచార్యులుగారు. "గట్టిగా అల్లడం తప్పు కాదమ్మా. అతుకెక్కడ పెట్టావో చూసుకో."