సువార్తమ్మ గుమ్మానికి పిట్టల తెర

వకుళ వేసిన అచ్చు కిందికి జారింది. జారినందుకు ఆమె బాధపడలేదు. దానికో సిద్ధాంతం ఉంది ఆమె దగ్గర.

అద్దకం నేర్చుకోవడానికి ఆమె విజయవాడ నుంచి పెడన వచ్చి ఎనిమిది నెలలు. వచ్చేటప్పుడు రెండు జతల బట్టలూ, పెట్టెడు పుస్తకాలూ తెచ్చుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా కిటికీకి మిల్లువాడి గులాబీలే వేలాడుతున్న ఈ లోకం మీద ఆమెకి పట్టరాని కోపం. ఇన్ని లక్షల ఇళ్ళకీ ఒకటే గులాబీ! ఒకటే రేకు, ఒకటే ఆకు, ఒకటే అబద్ధం! ఆ కోపంతోనే, వచ్చిన వారానికల్లా మౌలాలి మేస్త్రి షెడ్డు గోడ మీద బొగ్గుతో ఇంతేసి అక్షరాలు రాసింది:

"యంత్రానికి తప్పు చేయడం రాదు. తప్పే మనిషి సంతకం."

మౌలాలి మేస్త్రికి డెబ్భై దగ్గరపడ్డాయి. యాభై ఏళ్ళుగా టేకు అచ్చుల్ని రంగులో తడిపి బట్ట మీద అద్దుతున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి గోడని కింది నుంచి పైదాకా చూశాడు.

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి తల్లీ. వరస మాత్రం కుడిపక్కకి దిగింది."

"అదే కదండీ సంతకం!"

"ఓహో," అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున సువార్తమ్మ షెడ్డుకొచ్చింది. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి పురుళ్ళు పోసిన నర్సు. పోయిన ఏడే రిటైరై, కాలవ అవతల రెండు గదుల ఇల్లు కట్టుకుంది. గుమ్మానికి తెర కట్టుకోవాలని, కొలత పురికొసకి ముళ్ళు వేసి తెచ్చింది.

"టేపు లేదన్నా," అంది నవ్వుతూ. "ఇది పొడుగు, ఇది వెడల్పు. ముడి విప్పకండి, మళ్ళీ వెళ్ళి కొలవాలి."

గోడ పొడుగునా అరల్లో ఉన్న అచ్చులు చూడగానే ఆమె గుమ్మం సంగతి మర్చిపోయింది. ఒక్కొక్కటీ తీసి, దుమ్ము ఊది, అరచేతికి నొక్కుకుని చూడటం మొదలుపెట్టింది. మామిడిపిందె. చేప. అంబారీ ఏనుగు. ఎవరి తాత చెక్కాడో తెలియని, అంచులు అరిగిన తీగ. మౌలాలి వద్దనలేదు. పనివాళ్ళు కూడా చేతులాపి ఆమెనే చూస్తున్నారు. ఒక్కో అచ్చూ అరచేతిలో గీతలుగా దిగుతుంటే ఆమె చిన్నపిల్లలా "అబ్బా!" అంటోంది. చివరికి కింది అరలోంచి ఒక చిన్న అచ్చు తీసింది. మెడ వెనక్కి తిప్పి తన తోకని తనే చూసుకుంటున్న పిట్ట.

"ఇదేం పిట్టన్నా?"

"పేరు దానికీ తెలీదమ్మా. మా నాన్న రోజుల నుంచీ అలాగే వెనక్కి చూస్తోంది."

"ఇదే కావాలి. వరసగా కూచోవాలి, కరెంటు తీగ మీద కూచున్నట్టు." ఆమె ఒక్క క్షణం ఆగింది. "అద్దె ఇళ్ళలో మేకు కొట్టనివ్వరన్నా. ముప్పై ఏళ్ళలో గోడకి ఒక్క మేకు కొట్టుకోలేదు. కాలెండరు కూడా కిటికీ ఊచకే కట్టేదాన్ని. నా బతుకంతా ఎగుడుదిగుడు. నా ఇంట్లోనన్నా ఒకటి తిన్నగా ఉండనీ."

"ఎప్పటికి కావాలి?"

"వచ్చే నెల మొదటి ఆదివారం కొత్తింటి ప్రార్థన."

మౌలాలి పురికొసని తన చేతిలో ఉంచుకోలేదు. వకుళ చేతిలో పెట్టాడు.

"వకుళమ్మ వేస్తుంది."

మొదటి అచ్చు నుంచి చివరి ఉతుకు దాకా తనే చేసే మొదటి బట్ట! వకుళ ఆ పూట అన్నం తినడమే మర్చిపోయింది.

కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన బట్ట బల్ల మీద పరిచింది. ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగులో అచ్చు తడిపి, బట్ట మీద ఆనించి, పిడికిలితో గుద్దింది. పిట్ట లేచింది. దాని పక్కన ఇంకో పిట్ట. రెండు వరసలు చీమలబారులా వెళ్ళాయి.

మూడో వరసలో మాటల్లో పడింది. పక్కన రంగు కలుపుతున్న పైడయ్యకి చేతిపనికీ స్వేచ్ఛకీ ఉన్న సంబంధం వివరిస్తోంది. పైడయ్య "ఊఁ, ఊఁ" అంటున్నాడు. అక్కడ ఒక అచ్చు వెంట్రుకవాసి కిందికి కూచుంది.

అచ్చుపనిలో ఒక చిక్కుంది. ఏ అచ్చయినా పక్క అచ్చు మూలని చూసుకునే కూచోవాలి. ఒకటి జారితే, తర్వాతది ఆ జారుని నమ్మి ఇంకాస్త జారుతుంది. తప్పు తాత నుంచి మనవడి దాకా దిగుతుంది.

అయిదో పిట్ట దగ్గర వకుళ చూసుకుంది. బల్ల మూల కోసిపెట్టిన నిమ్మచెక్క ఉంది. తడి ఆరకముందు నిమ్మరసంతో అద్దితే నల్లరంగు వదులుతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. ఆమె నిమ్మచెక్క వైపు చూసింది. గోడ మీది మాట వైపు చూసింది. నిమ్మచెక్క ముట్టుకోలేదు.

అంతటితో ఆగలేదు. మిగిలిన వరసలన్నీ కావాలనే దించింది. ఏ మిల్లువాడు వేస్తాడు ఇలా? అనుకుంది. ఎర్రరంగు అద్దేటప్పుడు కూడా నల్లగీత దాటించింది. ఒళ్ళంతా ఉత్సాహం. ఆ సాయంత్రం తనలో తను పాడుకుంటూ బసకి వెళ్ళింది.

బట్ట ఉడికించి, కాలవలో జాడించి, గట్టు మీద ఆరేశారు. పైడయ్య నడుం మీద చేతులు వేసుకుని తల ఓ పక్కకి వంచి చూశాడు.

"పాపా, పిట్టలన్నీ కాలవలోకి దిగుతున్నాయేంటి? దాహమేసిందా?"

"నీకు అర్థం కాదులే పైడయ్యా. ఇది బతికున్న గీత."

"బతికుంది గానీ, కాస్త తాగినట్టుంది."

గట్టు మీదున్న వాళ్ళంతా నవ్వారు. వకుళ ముఖం ఎర్రబడింది. అంతలో మౌలాలి వచ్చాడు. తడి బట్ట మీద ఒక వరస వెంట చూపుడువేలు పోనిచ్చాడు. వేలు ఛాతీ ఎత్తున మొదలై నడుం దగ్గర తేలింది. వకుళ జవాబులన్నీ సిద్ధం చేసుకుని నిలబడింది.

"ఎరుపు బాగా పలికింది," అన్నాడాయన. "ఆరాక మడతపెట్టు. సుత్తి తెస్తాను. వెళ్ళి గుమ్మానికి మేకులు కొట్టి చూసొద్దాం."

సువార్తమ్మ ఇల్లు కొత్త సున్నం వాసన వేస్తోంది. గోడలు తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. ఆమె కొంగుముడి విప్పి రెండు మేకులు తీసింది. ఇత్తడివి. ముందే కొని, తోమి దాచుకున్నట్టుంది, తళతళలాడుతున్నాయి.

"నువ్వే కొట్టమ్మా," అంది వకుళతో. "నా చెయ్యి వణుకుతోంది. ఇన్ని వేల ఇంజెక్షన్లు పొడిచినప్పుడు వణకలేదు, ఇప్పుడు చూడు!"

మౌలాలి సుత్తి అందించి, గడప అవతల పీట వాల్చుకుని కూచున్నాడు.

వకుళ బల్ల ఎక్కింది. గుమ్మం ఎడమ మూల నుంచి పైకి జానా నాలుగు వేళ్ళు కొలిచింది. పెన్సిలుతో చుక్క పెట్టింది. కుడివైపు కొలిచింది. దిగి, దూరంగా వెళ్ళి, ఒక కన్ను మూసి చూసింది. మళ్ళీ ఎక్కింది. చుక్క చెరిపి, గోరుమందం పైకి పెట్టింది. సువార్తమ్మని దారం అడిగి రెండు చుక్కల మధ్యా లాగి పట్టింది. సీసాలో సగం నీళ్ళు పోయించి, దారం వెంట అడ్డంగా పెట్టి, నీటి గీత చూసింది. నుదుట చెమట పట్టింది.

"అన్ని కొలతలెందుకు తల్లీ?" అన్నాడు మౌలాలి బయటి నుంచి. "చేతిపనే కదా."

"అదేంటి మేస్త్రి గారూ!" వకుళ వెనక్కి తిరక్కుండానే కసిరింది. "ఆవిడ సొంత గోడకి మొదటి మేకు! వంకర పడితే ఎంత..."

మాట అక్కడే ఆగిపోయింది.

దారం ఇంకా ఆమె రెండు చేతుల మధ్యా బిగుతుగా ఉంది. మౌలాలి పీట మీద కూచుని, కాలవ మీదుగా పోతున్న కొంగల్ని చూస్తున్నాడు.

కాసేపటికి సుత్తి మోగింది. ఒకటి. రెండు. మేకులు రెండూ ఒక్క ఎత్తున నిలిచాయి. సువార్తమ్మ వాటిని వేలితో తాకి, "నిజంగా నా గోడే!" అంది. కళ్ళల్లో నీళ్ళు, నోటి నిండా నవ్వు. "ఏదీ, తెర ఇవ్వమ్మా. కడదాం."

వకుళ బల్ల దిగింది. సంచిలో ఉన్న మడత మీద చెయ్యి వేసింది. తీయలేదు.

"సువార్తమ్మగారూ, ప్రార్థన రోజుకే తెస్తాను. ఇంకో పది రోజులు ఆగుతారా?"

"ముప్పై ఏళ్ళు ఆగాను. పది రోజులకేం పాపా?"

తిరుగుదారిలో మౌలాలి ముందు నడిచాడు. సంచి వకుళ భుజానికి బరువుగా తగిలింది.

మర్నాడు ఆమె షెడ్డుకొచ్చేసరికి, సంచితో సహా అక్కడే వదిలేసి వెళ్ళిన ఆ జారిన తెర ఆమె బల్ల మీద మెత్తగా పరిచి ఉంది, కింద వేసే గోనెపట్టకి బదులు. మూలలు నీటుగా మడిచి ఉన్నాయి. వకుళ దాని మీదే కొత్త బట్ట పరిచింది. పలచటి బట్ట కిందనుంచి పాత పిట్టలు మసగ్గా కనిపిస్తూ, ఇటు రా, ఇటు రా అని పిలుస్తున్నాయి. ఆమె దారం లాగి పట్టుకుంది, కింది పిట్టల్ని చూడకుండా దారాన్ని చూసింది.

మూడు రోజులు షెడ్డులో ఉపన్యాసం లేదు. పైడయ్యకి తోచలేదు.

"ఒంట్లో బాలేదా పాపా? స్వేచ్ఛ సంగతి చెప్పవేం?"

"ఉష్! వరస పోతుంది."

"పోనీ ఆ నిమ్మచెక్కలన్నా కాస్త మిగల్చు. నా మజ్జిగలోకి ఒక్కటీ లేదు."

నాలుగో రోజు, చివరి పిట్ట లేచాక, వకుళ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. ఎదురుగా గోడ మీద తన బొగ్గు అక్షరాలు.

"మేస్త్రి గారూ, దీనికి సున్నం కొట్టేస్తాను."

"ఎందుకూ? ఉండనీ," అన్నాడాయన అచ్చు కడుగుతూ. "మాట మంచిదే."

ఆదివారం పొద్దున సువార్తమ్మ ఇల్లు జనంతో కిటకిటలాడింది. ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే సగం మంది. కొందరికి మీసాలొచ్చాయి, కొందరు చంకలో తమ పిల్లల్ని ఎత్తుకున్నారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది. పెరట్లో కోడి పలావు గుండిగ మూత తీశారు. అప్పుడు వకుళ బల్ల ఎక్కి, ఇత్తడి మేకులకి దండెం తగిలించి, తెర వదిలింది.

వాకిట్లో ఎండ. ఎండకి ఎదురుగా పిట్టలు, వరస మీద వరస, తిన్నగా, మెడలు వెనక్కి తిప్పి. గాలికి తెర కదిలితే అన్నీ ఒక్కసారి ఎగరబోయి మళ్ళీ తీగ మీద సర్దుకున్నట్టుంది. పిల్లలు కేకలు పెట్టారు. పైడయ్య తల ఓ పక్కకి వంచి చూశాడు, రెండో పక్కకి వంచి చూశాడు. "దాహం తీరింది," అన్నాడు.

సువార్తమ్మ ఆస్పత్రి వార్డులో మంచం మంచానికీ వెళ్ళినట్టు ఒక్కో వరసా తడుముతూ వెళ్ళింది. ఏడో వరసలో ఆగింది. వంగి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇదిగో, ఇదొక్కటీ చూశారా? కన్ను సగమే తెరిచింది!"

అందరూ మూగారు. నిజమే. అచ్చులో నలక ఇరుక్కుందో, రంగు చిక్కబడిందో, ఆ ఒక్క పిట్ట కన్ను గుండ్రంగా పడలేదు. రెప్ప వాలి ఉంది.

"కునికిపాట్లు పడుతోంది!" సువార్తమ్మ పగలబడి నవ్వింది. "ఇది నేనే! రాత్రి డ్యూటీలో అచ్చం ఇలాగే ఉండేదాన్ని, కావాలంటే మా డాక్టరమ్మని అడగండి!" అని ఆ పిట్టని ముద్దుపెట్టుకుంది.

వకుళ ముఖం పాలిపోయింది.

"అయ్యో, చూసుకోలేదు. ఇన్నిసార్లు చూశాను, ఇదెలా తప్పిపోయిందో! మేస్త్రి గారూ, విప్పి పట్టుకెళ్ళి..." అంటూ దండేనికి చెయ్యి చాచింది.

మౌలాలి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"దాన్ని ఉండనీ తల్లీ," అన్నాడు. "అది నువ్వు కావాలని చేసింది కాదు."