సెగకు పోయినవాడు

భూపాల్‌కు పాట కుదరడం లేదు. "సెగ" అనే ర్యాప్ కంపెనీకి ఇప్పుడు అతనొక్కడే యజమాని. పేరు అతనిది, స్టూడియో అతనిది. పాట మాత్రం అలిగి ఎటో వెళ్లిపోయింది.

ఆరేళ్ల కిందట హైదరాబాద్ బస్తీలో, ఫ్యాను కూడా సరిగా తిరగని గదిలో ముగ్గురు మొదలుపెట్టిన కంపెనీ అది. భూపాల్, దశరథ్ పాడేవారు. ఇంతియాజ్ పాట కట్టేవాడు. మూడో ఆల్బమ్‌కల్లా కాలేజీ పిల్లల నోట్లో వాళ్ల పాటలే. అప్పుడే ఇంతియాజ్ వాళ్లమ్మ పోయింది. ఆర్నెల్లు వాడి నుంచి ఒక్క పాటా రాలేదు. "వాడి పని అయిపోయింది" అని భూపాల్ పోస్టర్ మీద వాడి పేరు తీయించాడు. ఆ మధ్యాహ్నమే దశరథ్ కూడా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త పాట పట్టుకుని భూపాల్ జనగామ దగ్గర ఎల్లస్వామి ఇంటికి వచ్చాడు. ముగ్గురికీ డప్పు నేర్పిన ముసలాయన. ఫోన్లో పాటంతా ఓపిగ్గా విన్నాడు.

"ఎట్లుంది తాతా?"

"మంచిగనే ఉంది."

ఆ "మంచిగనే" ఎంత చప్పనిదో భూపాల్‌కు తెలుసు.

"ఏదో తక్కువైంది తాతా. ఆ చిన్న గదిల పాడినప్పుడు ఉండె. ఇప్పుడు ఎంత గింజుకున్నా వస్తలేదు." ఆ గది మీద, అందులోని ఇద్దరి మీద బెంగతో ఎన్నాళ్లనుంచో అతనికి కంటి నిండా నిద్ర లేదు.

ముసలాయన వసారాలో గుప్పెడు గడ్డి పోగేసి అంటించాడు. గోడకున్న తోలు డప్పు, దాన్ని కొట్టే పుల్లలు తెచ్చి చేతికిచ్చాడు.

"కొట్టు. నేననేదాక ఆపకు."

ముసురు పట్టిన రోజు. కాసేపు ఖంగుమన్న డప్పు చెమ్మకు మెత్తబడింది. భూపాల్ ఇంకా గట్టిగా కొట్టాడు. చేతులు నొప్పి పుట్టాయి గానీ మోత రాలేదు. చివరికి ఆపేసి, మంట ముందు కూర్చుని డప్పుకు సెగ చూపించాడు. వసారాలో చినుకుల చప్పుడే మిగిలింది.

"ఎందుకాపినవ్ రా?"

"తోలు సల్లబడ్డది గద తాతా. కాపుకోవద్దా?"

"మీరు ముగ్గురు కొట్టేటప్పుడు గిట్లనే ఆగేదా దరువు?"

"ఎందుకాగుతది? ఒకడు సెగకు పోతే ఇద్దరం కొడుతుంటిమి. వాడు కాపుకొని వచ్చి మళ్ల కలుస్తుండె."

ముసలాయన మంటలో ఇంకాస్త గడ్డి వేశాడు.

"మరి ఇంతియాజ్ యాడికి పోయిండనుకున్నవ్ బిడ్డా?"

భూపాల్ పుల్లలు కింద పెట్టాడు. డప్పు ఎప్పుడో కాగింది. అతను మంటకు ఓ పక్కగా జరిగి, ఇద్దరికి చోటు వదిలి కూర్చున్నాడు.