దాలమ్మ గొంగడి

అనగా అనగా ఎప్పటి మాటో. మన తాతల తాతలకి కూడా అది పాత మాటే. ఇటు ఒక ఊరు, అటు గూడేలు, నడుమ ఒక కొండ. ఊళ్లో ఉప్పుంది, గూడేల్లో లేదు. ఉప్పు కావిళ్లు భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి కొండ నెత్తి, మర్నాటికి అవతల గూడెం.

ఆ ఊళ్లో దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. నార తీసేది, తాళ్లు పేనేది. అరచేతులు చెట్టు బెరడులా ఉండేవి. ఆమెకి ఒక్కడే తమ్ముడు, అసిరయ్య. చచ్చిపోతూ తల్లి ఆమె చేతిలో పెట్టిన తమ్ముడు.

కావిళ్లకి పెద్ద తవిటయ్య. ఉప్పు అతనిది, లాభం అతనిది. బరువొక్కటే మోసేవాళ్లది! కొండకి పంపేముందు ఇంటింటి నుంచీ గొంగళ్లు తెప్పించేవాడు. దాలమ్మ దగ్గర కొత్త తాడు తెప్పించేవాడు. సొరబుర్రలో చెకుముకి రాయి, ఇనపముక్క, బూరుగు దూది పెట్టి మైనంతో మూత అతికించేవాడు. అన్నీ తన సాలలో, తలుపేసుకుని, తనే మూట కట్టేవాడు. ముడికి పసుపు రాసేవాడు.

"కట్టిన మూట విప్పకూడదు. అవతల మా అల్లుడే విప్పాలి," అనేవాడు.

"మరి దారిలో ఆపదొస్తే?" అని మోసేవాళ్లు అడిగేవారు.

"మూట వెంటుంటే ఆపదే రాదు."

అందరూ దణ్ణం పెట్టేవారు. చలికి కప్పుకునే గొంగడిని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. దేవుణ్ణి విప్పి చూసేదెవరు?

మొదటి ఏడు గెడ్డ పొంగింది. పట్టుకోడానికి తాడు లేక ఒకడు కొట్టుకుపోయాడు. తాడు మూటలో ఉందనుకున్నారు. కట్టిన మూట విప్పకూడదు. విప్పలేదు.

రెండో ఏడు మంచు పట్టేసింది. ఒకడు బిగుసుకుని చచ్చిపోయాడు. వాడు దాలమ్మ మొగుడు జోగులు. కట్టిన మూట విప్పకూడదు. విప్పలేదు.

తవిటయ్య ఊరందరి ముందూ అన్నాడు: "బయల్దేరినప్పుడు ఈ దాలమ్మ మూట వంక ఎలా చూసిందో నేను చూశాను. ఆ చూపే మింగేసింది." ఆడవాళ్లు ఆమెకి ఎదురు రావడం మానేశారు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి తలొంచుకుని తాడు పేనుకుంది.

మూడో ఏడు అసిరయ్య వంతు వచ్చింది. ఆ ఏడు కొండెక్కేవాళ్లు అయిదుగురు. ఇంట్లో ఉన్నది ఒకటే గొంగడి. దాలమ్మ దాన్ని మడతపెట్టి తమ్ముడి పేర తవిటయ్యకి ఇచ్చేసింది.

"నీకో, అప్పా?" అని అక్కని అడిగాడు అసిరయ్య.

"నాకు పొయ్యుంది. నీకు కొండ మీద ఏటుంది?"

మూట మోసే వంతు గవరయ్యది. ముసలాడు, నోరు ఊరుకోదు. ఎత్తుకోగానే మూలిగాడు. "ఏడాదికేడాదికీ బరువెక్కిపోతంది. గొంగళ్లు లోపల పిల్లల్ని పెడతన్నాయేట్రా?" అందరూ నవ్వుకుంటూ కొండెక్కారు.

కాసేపటికి ఆకాశం నల్లబడింది. దాలమ్మ పేనిన పలుపులు ఇవ్వడానికి తవిటయ్య సాలకి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది, లోపల ఎవరూ లేరు. దండెం మీద గొంగళ్లున్నాయి. లెక్కపెట్టింది. అయిదు. అందులో ఒకటి తనది, చివర మాసిక తనే వేసింది. మేకుకి తాడు వేలాడుతోంది. తన చేత్తో పేనిన తాడు. మూల సొరబుర్ర ఉంది.

మరి మూటలో ఏముంది?

దాలమ్మ దండెం ఖాళీ చేసింది. అయిదు గొంగళ్లూ చుట్టచుట్టి, వానకి తడవకుండా మీద తాటాకు గిడుగు కప్పింది. తాడు నడుముకి చుట్టుకుంది. నిప్పుబుర్ర గుండెలకి కట్టుకుంది. గుమ్మంలో తవిటయ్య ఎదురొచ్చాడు.

"ఎక్కడికే? కొండ మీద ఆడది అడుగేస్తే అరిష్టం!"

"అరిష్టం దండేనికి ఆరేసున్నాది. దించుకెల్తన్నాను. అడ్డు లే."

వాన మొదలైంది. గెడ్డ దగ్గర తాడు చెట్టుకి కట్టి దాటింది. తిరుగుదారికి దాన్ని అక్కడే ఉంచేసింది. తడి బండల మీద రెండుసార్లు పడింది. మోకాలు చీరుకుపోయింది. చీర ఒంటికి అతుక్కుపోయింది. గుండెల మీద బుర్ర మాత్రం తడవనివ్వలేదు.

కొండ నెత్తి మీద రాతిగూట్లో వాళ్లు అయిదుగురూ ముద్దగా కూర్చున్నారు. వెంట తెచ్చుకున్న నిప్పుకుండ వానకి ఆరిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నడుమ మూట, కట్టింది కట్టినట్టే ఉంది. అసిరయ్య దాని మీద తల పెట్టుకున్నాడు.

"అప్పా... మూటుంది. ఆపద రాదు."

దాలమ్మ మొలలో దోపుకున్న నార కొడవలి తీసింది.

"విప్పకూడదే!" గవరయ్య గొణిగాడు. చేయి ఎత్తబోయాడు, లేవలేదు.

"విప్పను మావా. కోసేస్తాను."

కోసింది. ఉప్పు జలజలా కారింది. గొంగడి లేదు, తాడు లేదు, నిప్పు లేదు. ఉప్పు. తవిటయ్య అల్లుడికి దొంగచాటుగా చేరే ఉప్పు. ఇద్దరు మనుషుల్ని మింగిన ఉప్పు. గవరయ్య ఏడ్చాడు.

ఆమె చెకుముకి కొట్టింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి దూది అంటుకుంది. గూటి లోపల గాలికి కొట్టుకొచ్చిన ఎండు పుల్లలు ఏరి మంట చేసింది. ఒక్కొక్కరికీ గొంగడి చుట్టింది. అయిదుగురు, అయిదు గొంగళ్లు.

"నువ్విలా రా, అప్పా. నా గొంగట్లోకి రా."

"వస్తాన్రా. గాలికి మంట ఆరిపోతంది. కాసేపు అడ్డు కూకుంటాను."

గూటి నోట్లో, తడి చీరతో, గాలికి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లు వెచ్చబడేసరికి అయిదుగురికీ నిద్ర పట్టేసింది. తెల్లారి లేచేసరికి మంట ఉంది. దాలమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. అసిరయ్య భుజం పట్టుకుని పిలిచాడు. రాయిలా ఉంది.

ఆమె గెడ్డ దగ్గర కట్టి ఉంచిన తాడు పట్టుకునే ఆమెని దించుకొచ్చారు. అసిరయ్య మిగిలిన ఉప్పు తెచ్చి తవిటయ్య గుమ్మంలో కుమ్మరించాడు. "ఇదిగో నీ దేవుడు," అన్నాడు. ఆ తరవాత తవిటయ్య కావిడి ఎవరూ ఎత్తలేదు.

తవిటయ్య పిచ్చెక్కి చచ్చాడని చెప్పేవాళ్లున్నారు. అబద్ధం. కడుపునిండా తిని, మంచం మీద, ముసలాడై చచ్చాడు. అలాంటివాళ్లు అలాగే చస్తారు. కానీ అతని సమాధి ఎక్కడో అడిగితే ఆ ఊళ్లో ఎవరికీ తెలీదు.

దాలమ్మ బండ మాత్రం అందరికీ తెలుసు. కొండ మొదట్లో, ఆమెని పూడ్చినచోట ఉంటుంది. ఇప్పటికీ కొండెక్కేవాళ్లు ఎంత పెద్దవాడు కట్టిన మూటైనా ఆ బండ మీద పెట్టి విప్పుతారు. "మీద గొంగడి, నడుముకి తాడు, గుండెలకి నిప్పు," అని పైకి అంటూ ఒక్కొక్కటీ ఎవరి చేత్తో వాళ్లు తాకి చూసుకుంటారు. తరవాత మనుషుల్ని లెక్కపెట్టి, గొంగళ్లు ఒకటి ఎక్కువ పెడతారు. నలుగురుంటే అయిదు. అయిదుగురుంటే ఆరు.

కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు, ఆ ఎక్కువది ఎవరికి అని.

"మోసుకొచ్చినామెకి," అంటారు. మూట కట్టుకుని కొండెక్కుతారు.