బూడిదేరు తగ్గిన ఉదయం

శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు ముప్పమాంబకు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయించేది. అడిగినవాడు పనిలో పడి ప్రశ్న మరిచిపోతే, అది అడగదగ్గ ప్రశ్న కాదని ఆమె లెక్క.

బయ్యన అడిగింది మాత్రం మరిచిపోయేది కాదు. "అమ్మా, కోరిక చంపుకోనివాడికి నిజం కనబడదంటారు. నా ఇల్లాలి మీద బెంగ నాకు పోవడం లేదు. ఇక నాకీ చదువెందుకు?" అన్నాడు. అతని భార్య పోలమ బూడిదేటికి అవతలి పల్లెలో, పుట్టింట ఉంది. వానలు మొదలయ్యాక అక్కడే ప్రసవించింది. ఏరు పొంగి రేవు మూసుకుపోవడంతో బయ్యన ఇంతవరకు కూతురి మొహం చూడలేదు. ఒడ్డున నిలబడితే ఒక పచ్చచీర, దాని భుజాన చిన్న మూట కనబడతాయి, అంతే. ఏటి హోరులో కేక వేసినా అవతలికి చేరదు. అతను కాలుగాలిన పిల్లిలా ఒడ్డంట తిరుగుతుంటే తోటి శిష్యులు 'సంసారి సన్యాసి' అని ఆటపట్టించేవారు.

ముప్పమాంబ అతనికి ఏటి కాపలా అప్పగించింది.

ఆ ఏరు పుట్టింది అగ్నిపర్వతం మీద. ఎప్పుడో కొండ కక్కిన బూడిద వాలంతా పేరుకుని ఉంది. పైన గట్టి వాన పడితే అదంతా బురదై, బండల్ని దొర్లించుకుంటూ దిగుతుంది. అందుకని రేవులో గీతలు చెక్కిన రాయి పాతారు. నీరు ఏ గీత దాకా ఉందో కాపలావాడు చూడాలి, చెంబుతో ముంచి అడుగున ఎంత బూడిద దిగిందో చూడాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. కొండ మీద వాన కురుస్తుండగా ఏరు తగ్గిందంటే, పైనెక్కడో బురద అడ్డుకట్ట వేసిందని అర్థం. అది తెగేలోపు గట్టు మీది నగారా మోగించాలి. వినగానే రెండు ఒడ్లవాళ్లూ ఎవరి మెట్ట వాళ్లు ఎక్కాలి. అయితే ఇదివరకటి కాపలావాడు ఉరిమితే చాలు వాయించేసేవాడు. దాంతో జనానికి ఆ మోత పెళ్లిమేళమంత మామూలైపోయింది.

ఒక ఉదయం బయ్యన వచ్చేసరికి గీతలరాయి మొదలుదాకా తేలి ఉంది. దాటుబండలు బయటపడ్డాయి. అతనికి ప్రాణం లేచివచ్చింది. అవతలి ఒడ్డున అప్పటికే జనం పోగయ్యారు. పోలమ బిడ్డను భుజాన వేసుకుని, కుచ్చిళ్లు ఎగదోపి మొదటి బండ మీద కాలు పెట్టింది. పసిదాని చెయ్యి గాలిలో ఆడటం ఇవతలికి కనబడింది.

బయ్యన కూడా నీళ్లలోకి దిగాడు. దిగి, తలెత్తి కొండ వైపు చూశాడు. శిఖరం నల్లగా మూసుకుపోయి ఉంది. పైన వాన వెలిసిందేమో, వట్టి మబ్బేనేమో అని ఎంత ఆశగా చూశాడో చెప్పలేం. వెలవలేదు, కుండపోతగా కురుస్తూనే ఉంది. నేర్చుకున్న చదువును అప్పుడు నోరారా తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే గట్టెక్కి, కళ్లనీళ్లు కారుతుండగా రెండు చేతులా నగారా వాయించాడు.

అవతలివాళ్లు నవ్వారు. నీళ్లు మోకాలి లోతైనా లేవు మరి. పోలమ మాత్రం బండ మీదే ఆగి, వాయిస్తున్నదెవరో చూసింది. చూసి వెనుదిరిగి, బిడ్డను గుండెలకు అదుముకుని మెట్ట మీదికి పరుగు తీసింది. బాలింత అలా పరుగెత్తుతుంటే నవ్వేవాళ్లకు నవ్వు ఆగిపోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ ఎక్కారు.

కాసేపటికే ఏరు బురదై విరుచుకుపడింది. ఇళ్లంతేసి బండలు దొర్లాయి. రేవు పోయింది, దాటుబండలు పోయాయి. మనుషులు మిగిలారు.

ఆ సాయంత్రం బయ్యన ముప్పమాంబ ముందు కూలబడ్డాడు. "ఇక దాటడానికి దారైనా లేదు. ఎండలు ముదిరేదాకా నా బిడ్డను చూడలేను. ఇంత జరిగినా బెంగ ఇసుమంతైనా తగ్గలేదమ్మా" అన్నాడు.

"తగ్గమని ఎవరన్నారు నాయనా?" అంది ముప్పమాంబ. "దాటాలని లేనివాడు వాయించి ఉంటే, నీ ఇల్లాలు వెనుదిరిగేదా?"