లంక గరిక సాక్ష్యం

ఆ ఏడు గోదారి ఎంత పొంగిందంటే, చేపలు తాటిచెట్ల మీద గూళ్ళు కట్టుకుని గుడ్లు పెట్టాయి. నమ్మకపోతే మానేయండి, ఆ గుడ్లు దించింది నేనే. అసలా వరదను ఒంటికాలితో ఆపేవాణ్ణే. రెండో కాలికి ముల్లు గుచ్చుకుంది గానీ, లేకపోతే ఈ కథే ఉండేది కాదు.

నది నడుమ లంక మునిగిపోయింది. అక్కడి జంతువులన్నీ ఈదుకుంటూ, కొట్టుకొచ్చే అరటిబోదెలు పట్టుకుంటూ ఒడ్డున ఉన్న కొండెక్కాయి. వాటిలో బొల్లిమేక మాచమ్మ ఒకతి. కొండెక్కిన రోజే రెండు పిల్లల్ని ఈనింది.

కొండకు పెద్ద అడవిదున్న. ఒక మాట అనాలంటే ముందు ముప్పావుగంట నెమరు వేస్తాడాయన. ఆ రోజూ తీరిగ్గా నెమరువేసి తీర్పు చెప్పాడు.

“లంక తేరేదాకా వీళ్ళు మనవాళ్ళు. పడుకోవడానికి పొడి గుహ, తాగడానికి ఊటనీళ్ళు, మనతో సమానంగా మేత. జబ్బు చేస్తే కొండముచ్చు వైద్యం, పిల్లలకు కొంగపంతులు దగ్గర చదువు. ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఇది వాళ్ళ హక్కు.”

“ఎన్నాళ్ళు పెద్దయ్యా?” అంది గుంటనక్క. వానకు దాని బొరియ నిండా నీళ్ళు చేరాయి. ఆ పొడి గుహ మీద దాని కన్ను పడింది.

“లంకలో మళ్ళీ గరిక మొలవాలి. దాన్ని వేరుతో సహా తెచ్చి నా ముందు పెట్టాలి. అందాకా.”

పదిరోజులకు వాన వెలిసింది. పదకొండో నాటికల్లా నక్క గుహ ముందు వాలింది.

“మేకవదినా! ఇక బయల్దేరు. మీ లంక పచ్చగా కళకళలాడుతోంది.”

“అప్పుడేనా బావా? నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. నా పిల్లలు ఆ బురదలో దిగబడితే మళ్ళీ పైకి రారు.”

“చుట్టం చూపుకొచ్చి చూరు పట్టుకు వేళ్ళాడతానంటే ఎలా?”

“నేను చుట్టం చూపుకి రాలేదు, ప్రాణాలు పట్టుకొచ్చాను. పెద్దయ్య గరిక అన్నారు. గరిక చూపించు, పోతాను.”

“ఓస్, అంతేనా! రేపు సభలో చూద్దువుగాని.”

మర్నాడు సభ కూడింది. తీర్పు నన్నే చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డారు. దున్న నొచ్చుకుంటాడని నేనే వద్దన్నాను. నక్క ఒక గరికదుబ్బు తెచ్చి, వేళ్ళు పైకి కనబడేలా దున్న ముందు పెట్టింది.

“లంక నడిబొడ్డున పెరికాను పెద్దయ్యా! నేలంటారా, నూర్పిళ్ళ కళ్ళంలా గట్టిపడింది.”

మాచమ్మ పిల్లల్ని పొట్టకిందికి లాక్కుంది. “మా ఊరి గడ్డి కదా పెద్దయ్యా, ఒక్కసారి దగ్గరగా చూసుకోనివ్వండి.”

చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. దాని గడ్డం ఊగడం మొదలెట్టింది. ఏడుస్తోందనుకున్నారంతా. అది నవ్వు!

“బావా, దీన్ని లంకలో ఎవరూ మేయలేదా?”

“ఎవరు మేస్తారు? మేసేవాళ్ళంతా ఇక్కడే పడి మేస్తున్నారుగా!”

“మరి కొసలు కొరికి ఉన్నాయే? చూడండి పెద్దయ్యా, దుబ్బంతా పొట్టిగా ఉంది, నడుమ మాత్రం నాలుగు పరకలు నిక్కి నిలబడ్డాయి.” మాచమ్మ నోరు తెరిచి చూపించింది. కింది పళ్ళ నడుమ ఒకటి లేదు. “వరదలో బోదెను పంటితో పట్టుకున్నాను. బోదె నిలిచింది, పన్ను పోయింది. అప్పట్నుంచి నేనెక్కడ మేసినా నడుమ ఇలా నాలుగు పరకలు మిగులుతాయి. ఇది నిన్న పొద్దున ఊట పక్కన నేను మేసిన దుబ్బు!”

సభ గొల్లుమంది. ఆ నవ్వుకు కొండ మూడు బారలు పక్కకు జరిగింది, నేనే మళ్ళీ సర్దాను.

“అబద్ధమాడినా అతికినట్టుండాలి నక్కా,” అన్నాడు దున్న. “లంకకు వెళ్ళొచ్చిన కాళ్ళకు బురదేదీ?”

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నక్క చప్పున కాళ్ళు చూసుకుంది. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

“కళ్ళంలా గట్టిపడిందన్నావుగా. వెళ్ళి అసలు గరిక తీసుకురా.”

వెళ్ళింది. మొదటి అడుగుకు మోకాళ్ళు, రెండో అడుగుకు పొట్ట, మూడో అడుగుకు చెవులే మిగిలాయి. తోక పట్టుకుని లాగింది నేనే. నక్కలకు తోకలు అంత పొడుగయింది అప్పట్నుంచే.

బురదముద్దలా వణుకుతూ వచ్చి, తల దించుకుని తన నీళ్ళ బొరియ వైపు నడిచింది.

“అటెక్కడికి బావా?” మాచమ్మ పిలిచింది. “గుహలో పొడి చోటుంది, రా.”

“నాకా?”

“వరదలో తడిసినవాళ్ళ హక్కట. పెద్దయ్య మాట. మొదటి రోజే అడిగితే ఆనాడే జరిగి చోటిచ్చేదాన్ని కదా!”

కొండముచ్చు మిరియాల కషాయం పోసింది. నక్క అది తాగి ఓ మూల ముడుచుకుంది. మేకపిల్లలు రెండూ దాని తోకను తలగడ చేసుకున్నాయి.

నెల తర్వాత లంకలో నిజంగానే గరిక మొలిచింది. వేరుతో సహా తెచ్చింది నక్కే. ఈసారి మోకాళ్ళ దాకా బురద ఉంది.

నీతి: పొమ్మనేవాడు ముందు ఆ దారిలో తాను నడిచి రావాలి.