చారి చేసిన రంపం మిషను

తెనాలిలో ధర్మలింగం అనే రిటైరైన ఇంజనీరు ఉండేవాడు. తనకు తెలియని విషయం ఈ లోకంలో లేదని ఆయనకు గట్టి నమ్మకం.

ముప్పై ఏళ్లు కాలువ లాకులకూ డ్యాములకూ ఇనుప తలుపులు ఎక్కించిన మనిషి. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోలేదు. చెక్కపని మీద, అందులోనూ స్క్రోల్ సా మీద మనసు పడింది. అదొక చిన్న రంపం మిషను. దారమంత సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే, పలచటి చెక్కను దాని ముందు తిప్పుతూ పువ్వులు, పక్షులు, పేర్లు, ఏది కావాలంటే అది కోసుకోవచ్చు.

కొనే ముందు ఆయన ఆరు నెలలు చదివాడు. మోటారు ఎంతది ఉండాలి, వేగం తగ్గించే మీట ఉందా లేదా, బల్ల వంగుతుందా వంగదా, అన్నీ నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకున్నాడు. ఫోనులో ‘చెక్కపని మిత్రులు’ అనే గ్రూపు ఒకటి ఉండేది. టీచర్లు, డాక్టర్లు, ఆయనలాగే రిటైరైనవాళ్లు, అందరూ కలిసి నలభైమంది దాకా ఉండేవారు. ఎవరు ఏ మిషను కొనాలన్నా “ఇంజనీరుగారు ఏమంటారు?” అని అడిగేవారు. ఆ ప్రశ్న కనబడిన రోజు ఆయన రెండోసారి కాఫీ పెట్టించుకుని తాగేవాడు.

ఆ ఊళ్లోనే రైలుగేటు పక్కన రేకుల షెడ్డులో వీరభద్రాచారి అనే వడ్రంగి ఉండేవాడు. జనం తలుపులూ మంచాలూ రెడీమేడువి కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆయనకు పని తగ్గింది. అప్పుడు పాత కుట్టుమిషన్ల ఇనుప కాళ్లు తెచ్చి, వాటి మీద మోటారు బిగించి, స్క్రోల్ సాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది వాటి మీదే. ధర్మలింగం షెడ్డుకు వెళ్లి, మిషను చుట్టూ మూడుసార్లు తిరిగి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క కొన్నాడు.

ఆటోలో విరిగిపోతుందని చారి బ్లేడు విప్పి పొట్లం కట్టి ఇచ్చాడు.

“ఒక్క నిమిషం ఆగండి సార్. బ్లేడు ఎక్కించడం చూపిస్తాను,” అన్నాడు.

“ఏనుగు బరువున్న డ్యాము తలుపులు ఎక్కించినవాణ్ణయ్యా నేను. గడ్డిపోచంత బ్లేడుకు నీ దగ్గర పాఠమా?” అని ధర్మలింగం ఆటో ఎక్కాడు.

ఇంటికి వచ్చి బ్లేడు బిగించాడు. మీట నొక్కి చెక్క పెట్టాడు. చెక్క ఎగిరిపడింది. గట్టిగా అదిమితే టకటకా కొట్టుకుంటూ మళ్లీ లేచింది. చూపుడువేలు చీరుకుపోయింది.

ఆ బ్లేడుకు పళ్లుంటాయి. అవి కిందికి చూడాలి. అప్పుడే చెక్కను బల్లకేసి అదిమి కోస్తాయి. ధర్మలింగం వాటిని పైకి పెట్టాడు. కంటికి ఆనేంత పెద్ద పళ్లు కావవి. వేలితో ఒకసారి రాసి చూస్తే చాలు, తెలిసిపోతుంది. కానీ అలా రాసి చూడాలని తెలియాలంటే ఎవరినైనా అడగాలి. ఆయన అడగలేదు.

వేలికి కట్టు కట్టుకుని, ఎగిరే చెక్కను వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. “ఇది మా ఊరి చారి చేసిన మిషను. ఎవరూ కొనకండి. వేళ్లు పోతాయి,” అని కింద రాశాడు.

“సార్, బ్లేడు పళ్లు కిందికే ఉన్నాయా?” అని ఒక టీచరు అడిగాడు.

ధర్మలింగం పగలబడి నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. అంతటి ఇంజనీరును అంతమాట అడిగానే అని ఆ టీచరే సిగ్గుపడి క్షమాపణ రాశాడు.

ఆ వీడియో చేతులు మారి, చీకటి పడేలోగా, మిషన్లు చేయమని చారికి చెప్పినవాళ్లందరూ ఫోన్లు చేసి వద్దన్నారు. ధర్మలింగం బ్లేడు విప్పి పారేసి, మిషన్ను ఆటోలో తిప్పి పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం చారి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మిషను బల్లలో ఇరుక్కుని తిరిగొచ్చిన చెక్కముక్క ఒకటి ఆయన చేతిలో ఉంది.

“సార్, రెండు నిమిషాలు లోపలికి రానివ్వండి. ఇది చూస్తే మీకే...”

“చూసింది చాల్లే. కేసు పెట్టలేదు, అందుకు సంతోషించు!” అని ధర్మలింగం మేడ మీంచి అరిచాడు.

“ఎండలో నిలబడ్డాడండీ. ఏం చెప్తాడో వింటే మన సొమ్మేం పోతుంది?” అంది భార్య సుభాషిణి.

“నీకు తెలియదు, ఊరుకో.”

చారి ఇంకాసేపు నిలబడి, చెక్కముక్కను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ధర్మలింగం విదేశీ మిషను తెప్పించాడు. బ్లేడు ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చింది. చెక్క సాఫీగా తెగింది. హంసలు కోశాడు, తామరలు కోశాడు. “మిషనంటే ఇదీ!” అని గ్రూపులో రోజుకో ఫొటో పెట్టాడు. ఇరవయ్యో రోజున బ్లేడు తెగింది. తనే కొత్తది బిగించాడు. చెక్క ఎగిరిపడింది. అదే టకటక. అదే ఎగురుడు.

ఆయనకు చారి మిషను గుర్తొచ్చింది. మిషను ఆపి, బ్లేడు మీద పైనుంచి కిందికి వేలు రాశాడు. పళ్లు గుచ్చుకున్నాయి. బ్లేడును తిరగేసి బిగించాడు. చెక్క సాఫీగా తెగింది. అది అలా తెగుతుంటే చూసి ఆయనకు ఏడుపొచ్చింది.

ఫోను తీసి, “మిత్రులారా, చారి మిషను మంచిదే. బ్లేడు తలకిందులుగా పెట్టింది నేనే,” అని రాశాడు. పంపే ముందు ఒకసారి చదువుకున్నాడు. నలభైమంది నవ్వుతున్నట్టు అనిపించింది. చెరిపేశాడు. రేపు రాద్దాం అనుకున్నాడు. మర్నాడు ఎవరో “ఇంజనీరుగారు ఏమంటారు?” అని అడిగారు. అలా అడిగిన రోజున ఈ సంగతి ఎలా రాస్తాడు? మరో రోజు ఇంకేదో అడ్డం వచ్చింది. అలా నెల గడిచింది. సుభాషిణికి కూడా చెప్పలేదు.

చివరికి సిగ్గు చంపుకుని షెడ్డుకు వెళ్లాడు. అక్కడ ఎవరో పంక్చర్లు వేసుకుంటున్నారు.

“చారిగారా? సామానంతా అమ్మేసి పది రోజులైందండి. కల్యాణమండపంలో కుర్చీలు వేస్తున్నారు,” అన్నాడు పంక్చర్లవాడు.

పది రోజులు. ధర్మలింగానికి నిజం తెలిసి ముప్పై రోజులైంది. తను ఆ రోజే రాసి ఉంటే ఈ షెడ్డు చారి చేతిలోనే ఉండేదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మండపంలో చారి ప్లాస్టిక్ కుర్చీలు దొంతి పెడుతున్నాడు.

“చారీ, బ్లేడు తిరగేసి పెట్టింది నేనేనయ్యా,” అన్నాడు ధర్మలింగం.

“తెలుసు సార్. మీ చెక్కముక్కకు పైవైపున పెచ్చులు లేచాయి. పళ్లు కిందికి ఉంటే కిందివైపు లేస్తాయి.”

“తెలిస్తే మరి చెప్పొద్దటయ్యా?”

చారి చేతిలో కుర్చీ కింద పెట్టాడు. “చెప్పడానికే కదండీ మీ గేటు దగ్గర నిలబడింది.”

ధర్మలింగం జేబులోంచి ఫోను తీశాడు. “ఇవాళే అందరికీ రాస్తాను. మళ్లీ మొదలుపెట్టు,” అన్నాడు.

“దేంతో మొదలుపెట్టమంటారు? మా నాన్న చెక్క చెక్కిన బాడిత కూడా పాత ఇనప సామాన్లవాడికి పోయింది. పెళ్లివారు వచ్చే వేళైంది, కాస్త పక్కకు జరగండి సార్.”

ధర్మలింగం మండపం మెట్ల మీదే కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసి పంపాడు. గ్రూపులో ఎవరూ నవ్వలేదు. “మీ పెద్దమనసుకు దండాలు ఇంజనీరుగారూ,” అని ఒకరి తర్వాత ఒకరు రాశారు. చారి ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు. లోపల మండపంలో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

తెలియనిది అడగకపోవడం తప్పే. కానీ తప్పు మనదేనని తెలిశాక రేపు చెబుదాంలే అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ రేపు వచ్చేలోగా పోయేది మన పరువు కాదు, ఎదుటివాడి బతుకు.