బిరుదులవారి వేలంపాట

ఆ దేశం పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు గానీ, ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, బిరుదుల పిచ్చి ఒక్కటే. తన పేరు ఎవరు పలికినా ముందు బిరుదులన్నీ పలికి తీరాలనీ, ఒక్కటి మింగినా కొరడా దెబ్బలు తప్పవనీ శాసనం చేశాడు. దాంతో ఆ ఊళ్లో రాజుగారి ఊసెత్తే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది.

ఆ ఊళ్లోనే కోటమ్మ అనే ఆవిడ తన తమలపాకు తోటను ఖజానాకు తాకట్టు పెట్టి రెండొందల వరహాలు అప్పు తెచ్చింది. డబ్బంతా భర్త జబ్బుకు ఖర్చయింది, మనిషీ దక్కలేదు. గడువు దాటి తోట ఖజానా పాలైంది. అమ్మేదాకా దాన్ని కాపాడి, అమ్మాక లెక్క తేల్చడానికి ఆస్థానంలోని మాటకారి విస్సన్నను ధర్మకర్తగా వేశారు.

విస్సన్న ముందుగా తోటకు నీళ్లు పెట్టించాడు. తడి లేకపోతే ఆకుతోట ఇట్టే వాడిపోతుంది, వాడిన తోటకు ధర పలకదు. రాజుగారి తాంబూలానికి ఆకు కోసుకుపోవడానికి వచ్చిన భటుల దగ్గర కూడా డబ్బు పుచ్చుకుని కోటమ్మ అప్పుకు జమ కట్టాడు.

ఇది విని రాజు మండిపడ్డాడు. "నా ఉప్పు తిని నాకే ఆకులమ్ముతావా విస్సన్నా? ఆ తోట నాకు కావాలి. ఇరవై వరహాలిస్తాను, రాసెయ్."

"తోట నాదైతే ఊరికే ఇచ్చేద్దును ప్రభూ, కానీ నేను కావలివాణ్ణి. ఇరవైకి అమ్మితే మిగతా అప్పు కింద కోటమ్మ ఇల్లు కూడా పోతుంది. మంచి ధరకు అమ్మితే అప్పు పోను మిగిలింది ఆవిడకు ముట్టాలి. వేలం వేయక తప్పదు."

"వెయ్యి! నా మీద పాట పెంచే మొనగాడెవడో నేనూ చూస్తాను."

అలాంటి మొనగాడు లేడని విస్సన్నకూ తెలుసు. "ఇల్లన్నా మిగులుద్దా బాబుగారూ?" అని కోటమ్మ అడిగిన గొంతు చెవుల్లోంచి పోలేదు.

వేలం రోజున తోట ముందు పందిరి వేశారు. ఊరంతా వచ్చింది. విస్సన్న పిలుపు మీద పొరుగు రాజుగారి రాయబారి కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఇరవై," అన్నాడు రాజు. అందరూ నేల చూపులు చూశారు.

విస్సన్న దండోరా వేసే పోతయ్య వైపు తిరిగాడు. "పాట చాటవయ్యా. శాసనం మరిచిపోకు."

పోతయ్య డప్పు కొట్టి గొంతెత్తాడు. "సమస్త భూమండలాధీశ్వర, కలియుగ కర్ణ, కనకవర్ష మేఘ, యాచకజన కల్పవృక్ష, శ్రీశ్రీశ్రీ ప్రచండవర్మ మహాప్రభువులవారి పాటా... ఇరవై వరహాలు! ఒకటోసారి!"

ఎవరో కిసుక్కుమన్నారు. మజ్జిగమ్మే ముసలమ్మ నిజంగానే జాలిపడి, "అయ్యో, కర్ణుడికి ఎంత కష్టమొచ్చిందమ్మా!" అంది.

రాజు చెవులు ఎర్రబడ్డాయి. "వంద!" అన్నాడు.

పాట మారితే మళ్లీ మొదటినుంచీ చాటాలి. పోతయ్య భూమండలం దగ్గర మొదలెట్టి, కల్పవృక్షం దగ్గర ఊపిరి తీసుకుని, వంద దగ్గరికి వచ్చేసరికి రాయబారి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రెండొందలు!" అని అరిచాడు రాజు. ఎదురు పాడే దిక్కు లేకున్నా తన పాట మీద తానే పెంచుకుంటూ పోతున్నాడు పాపం. పోతయ్య మళ్లీ డప్పందుకోగానే రాజు విస్సన్నను దగ్గరికి పిలిచాడు.

"ఒరేయ్, ఆ బిరుదులు ఆపమనరా."

"శాసనం ప్రభూ. వాడి వీపు చిట్లిపోతుంది."

"పోనీ, ఎంత పాడితే ఆ బిరుదులకు తగినట్టుంటుంది?"

"ఆ బిరుదులకు తగిన ధర భూమ్మీద లేదు ప్రభూ. తోటకు తగిన ధరైతే ఐదొందలు."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. అంతలోనే ఆపుకోలేక పకపకా నవ్వి, "ఐదొందలు!" అన్నాడు. ఈసారి పోతయ్య చాటుతుంటే జనం జేజేలు కొట్టారు. అప్పూ వడ్డీ పోను మిగిలిన వరహాలు విస్సన్న అక్కడికక్కడే కోటమ్మ ఒళ్లో పోయించాడు. ఆవిడ కళ్లు వర్షించాయి.

"నన్ను నా బిరుదులతోనే పడగొట్టావురా," అన్నాడు రాజు. "నీకూ ఒక మంచి బిరుదిస్తాను, పుచ్చుకో."

విస్సన్న గబగబా చేతులు జోడించాడు. "బిరుదు మాత్రం వద్దు ప్రభూ! రేపు సంతలో వంకాయలు బేరమాడుకోవాలి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన చేతి కడియం తీసి అతనికి తొడిగాడు. మర్నాటి నుంచి, తనను పిలిచేవాళ్లకు ఉత్త పేరు చాలన్నాడు.